మూడో కిటికీ నల్లగుడ్డ

1998 నవంబరు 21, శనివారం. సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు చంద్రమ్మ కాలేజీ సెమినార్ హాలు గుమ్మం దగ్గర రిజిస్టరులో ఎడమ చేతి బొటనవేలి ముద్ర వేసింది. పేజీలో వరుస సంఖ్య కాక నాలుగు గడులున్నాయి: పేరు, ఊరు, వచ్చిన టైము, సంతకం. మొదటి మూడూ లైబ్రేరియన్ శ్రీరామమూర్తి నింపాడు. చంద్రమ్మ, సుద్దగూడ, 4.10. నాలుగో గడి ఆమె వేలికి వదిలాడు. వేలికంటిన సిరా తలవెంట్రుకలకు రాసుకుని ఆమె పక్కకు జరిగింది. వెనక రాములమ్మ, ఈరమ్మ, దుర్గవ్వ నిలబడి ఉన్నారు. నలుగురిదీ ఒకటే ఊరు. నలుగురూ ఆ కాలేజీలో ఊడ్చేవాళ్లు, తుడిచేవాళ్లు.

"టైమెందుకు సారూ రాసుడు?" అని చంద్రమ్మ అడిగింది.

"సినిమాలు పంపే ఢిల్లీవాళ్లు అడుగుతారమ్మా. ఎవరు ఎన్నింటికి వచ్చారో రాసి పంపాలి."

"మేమొచ్చిన సంగతి ఢిల్లీకెందుకు?"

శ్రీరామమూర్తి కళ్లజోడు పైకి నెట్టుకున్నాడు. "యాభైమంది రాకపోతే వచ్చే వారం సినిమా పంపరు. అందుకు."

ఆమె మళ్లీ అడగలేదు. జవాబు నమ్మినట్టు కూడా లేదు.

కాలేజీ బెంగుళూరు రోడ్డు మీద, పాల్మాకుల దాటాక ఉంది. ఆరు శనివారాలు ఆరు స్పానిష్ సినిమాలు, అన్నీ ఈ నాలుగైదేళ్లలో తీసినవి, టికెట్ లేదు అని నోటీసు బోర్డుకు కాగితం అంటించి నెల కావస్తోంది. ఫిల్ము డబ్బాలు ఢిల్లీ నుంచి రైల్లో వచ్చేవి. పట్నం నుంచి వచ్చే పిల్లలు శనివారం ఒంటిగంట బస్సుకే వెళ్లిపోతారు. హాస్టల్లో ఉండేది ముప్ఫైమంది. మొదటి వారం లెక్క ముప్ఫైనాలుగు దగ్గర ఆగింది. ఇలాగైతే కుదరదని ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది. రెండో వారం నుంచి శ్రీరామమూర్తి తోటమాలులనూ, మెస్సువాళ్లనూ పిలిచి కూర్చోబెడుతున్నాడు. ఊడ్చేవాళ్లను పిలవడం ఈ వారమే మొదలు. ఇది నాలుగో సినిమా.

హాలుకు పడమటివైపు మూడు కిటికీలు. నాలుగింటికి ఎండ తిన్నగా తెర మీద పడుతుంది. ఆ కిటికీలకు నల్లగుడ్డలు కుట్టింది చంద్రమ్మే. కింది అంచు జానెడు మడిచి, ఆ మడతలో కంకర రాళ్లు వేసి కుట్టింది, గాలికి లేవకుండా. మామూలు రోజుల్లో గుడ్డలు చుట్టి పైన తాడుతో కట్టి ఉంటాయి. శనివారం మూడున్నరకు స్టూలెక్కి తాడు విప్పడం, సినిమా అయ్యాక మళ్లీ చుట్టి కట్టడం ఆమె పని.

ఆనాటి సినిమా నగరంలో ఆఫీసులు తుడిచే ఒక ఆడమనిషిది. మాట ఎవరికీ తెలియదు. అడుగున ఇంగ్లీషు అక్షరాలు వచ్చి పోతున్నాయి, హాస్టలు పిల్లలు అవి చదువుకుంటున్నారు. చంద్రమ్మ చేతులు చూసింది. తెర మీది మనిషి బకెట్టు దింపి, ఎవరిదో బల్ల మీది ఫోనెత్తి కాసేపు మాట్లాడింది. తర్వాత గది ఆ కొస నుంచి మొదలుపెట్టి వెనక్కి వెనక్కి నడుస్తూ గుమ్మం దాకా తుడిచింది. తడి మీద ఒక్క అడుగు పడలేదు.

"నా లెక్కనే తుడుస్తున్నదే" అని ఈరమ్మ చెవిలో అంది.

"నీ లెక్క కాదు. ఆమె మూలలిడుస్తలేదు" అంది చంద్రమ్మ.

ఆరుకు పది నిమిషాలుండగా బయటపడ్డారు. సుద్దగూడకు పొలాల మధ్య బండ్లబాట, రెండు కిలోమీటర్లు.

"ఆమె ఎవలికి ఫోన్ జేసిందంటవ్?" దుర్గవ్వ అడిగింది.

"బిడ్డకు."

"నీకెట్ల ఎర్క? వాళ్ల మాట నీకొస్తదా?"

"బిడ్డతోని మాట్లాడే మొఖం ఎర్కలేదా?"

ఈరమ్మ, దుర్గవ్వ నవ్వారు. రాములమ్మ మాత్రం నవ్వలేదు. "సినిమ సంగతి పక్కకు వెట్టుండ్రి. ఉత్తగ కూసోవెట్టి ఏలు నిశాని ఎందుకు వెట్టించుకుంటున్నడు? నాకైతే మనసున వడ్తలేదు."

ఊరి మొగదల పంచాయతీ ఆఫీసు ముందు ఇద్దరు మనుషులు జంపఖానా దులిపి మడత పెడుతున్నారు. సర్పంచ్ మల్లేశ్వర్ జీపు గోడ పక్కన ఆగి ఉంది. నలుగురూ దాన్ని దాటి ఎవరిళ్లకు వాళ్లు పోయారు.

ఆదివారం పొద్దున చంద్రమ్మ చేనులో టమాటాలు తెంపుతోంది. రెండెకరాల పది గుంటలు. భర్త బుచ్చయ్య పోయాక పట్టా ఆమె పేరుకు మారింది. అక్కడికి రెండు చేన్ల అవతల ఎరుపు తెలుపు పట్టీల గడకర్రలు పాతి ఉన్నాయి. విమానాలు దిగే జాగా కోసం కొలుస్తున్నారని ఆరు నెలలుగా చెప్పుకుంటున్నారు. ఎంత జాగా, ఎవరి జాగా అన్నది మనిషికొక తీరు చెబుతున్నారు.

మరిది గోపయ్య గట్టు మీదుగా వచ్చాడు. తన వాటా అతను ఎప్పుడో అమ్ముకున్నాడు. ఈ చేనులోకి వచ్చి నెలలవుతోంది.

"వదినే, నిన్న పొద్దుగూకినంక వచ్చినవంట. యాడికి పోయినవ్?"

"కాలేజికి. ఇంకేడికి పోత?"

"పని ఒంటిగంటకే అయిపోతది గద."

"సినిమ ఏసిండ్రు. కూసోమంటే కూసున్న."

"ఉత్తగనా?"

"ఉత్తగనే. నిశాని వెట్టించుకున్నరు."

గోపయ్య నిండిన గంప ఎత్తబోయి ఆగాడు. "నిశానా? దేని మీద?"

"రిజిస్టర్ల. పేరు, ఊరు, టైము సారు రాసిండు. నేను ఏలు వెట్టిన."

"టైము గూడ రాసిండా? ఎంత రాసిండు?"

"నాకేం ఎర్క. నాలుగు దాటింది."

గోపయ్య గట్టు మీద కూర్చుని బీడీ తీశాడు. మూడో పుల్లకు గానీ అంటుకోలేదు.

"ఆ సారుదే ఊరు?"

"కృష్ణా జిల్లనంట."

"గదీ సంగతి. ఆంధ్రోళ్లు వచ్చి ఈడ ఊకెనే సినిమలు సూపెడ్తరా వదినే? నీ పేరు దొరికె, ఊరు దొరికె, నిశాని దొరికె. ఇగ ఏం గావాలె? ఆ నిశాని తీస్కపోయి భూమి కాగితం మీద దించుకుంటరు. గసొంటి మిషన్లొచ్చినయ్. రేపే ఆ కాగితం చింపి తెచ్చి పొయిల పెట్టు."

"చింపిన్నని తెలిస్తే పని పోతది."

"భూమి పోతే?"

చంద్రమ్మ వంగి ఇంకో కాయ తెంపింది. అది పచ్చిది. చూసుకుని కూడా గంపలోనే వేసింది.

సోమవారం పదకొండు గంటలకు శ్రీరామమూర్తి టీకి వెళ్లాడు. లైబ్రరీలో అతని బల్ల సొరుగుకు తాళం లేదు. చంద్రమ్మ గుమ్మంలో బకెట్టు అడ్డం పెట్టి లోపలికి వచ్చింది. రిజిస్టరు తెరిచి, నాలుగు వేలిముద్రలు వరసగా ఉన్న పేజీ వెతికింది. అక్షరాలు ఆమెకు రావు. పైనుంచి మొదటిది తనదని గుర్తుంది. ఒక చేత్తో రిజిస్టరు అదిమి రెండో చేత్తో లాగింది. పేజీ తిన్నగా రాలేదు. ఎడమవైపు వరుస సంఖ్యల మీదుగా చిరిగి, అంకెల్లో సగం రిజిస్టరులోనే ఉండిపోయింది.

నాలుగు మడతలు వేసి రవికెలో దోపుకున్నాక గేటు గుర్తొచ్చింది. ఇంటికి పోయేటప్పుడు ఊడ్చేవాళ్ల సంచులు, డబ్బాలు గేటు దగ్గర విప్పించి చూస్తారు. పోయిన నెల ఒక ట్యూబులైటు పోయిందని దుర్గవ్వ కొంగు కూడా దులిపించారు. కాగితం దొరికితే పని పోవడమే కాదు, పోలీసుల దాకా పోతుంది.

ఆమె సెమినార్ హాలుకు వెళ్లి స్టూలు వేసుకుంది. మూడో కిటికీ గుడ్డ విప్పింది. నడుముకు దోపుకున్న వక్కల సంచిలో సూది, దారం ఎప్పుడూ ఉంటాయి. అంచు నాలుగు వేళ్ల మేర విప్పి, రెండు కంకర రాళ్ల మధ్య కాగితం దూర్చి, మళ్లీ కుట్టేసింది. గుడ్డ చుట్టి తాడు కట్టింది. వీలు చూసి తీసుకుపోవచ్చనుకుంది. తన కుట్టు విప్పి చూసేవాళ్లు ఆ కాలేజీలో ఎవరూ లేరు.

సాయంత్రం ఇంటికి పోయేసరికి గోపయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"తెచ్చినవా?"

"ఆడనే కాలబెట్టిన. మెస్సు పొయిల."

అబద్ధం ఎందుకు చెప్పిందో అప్పటికి ఆమెకే తెలియదు. ఆరు నెలలుగా గడప తొక్కని మనిషి రెండు రోజుల్లో రెండుసార్లు వచ్చాడు. ఆ తొందర ఆమెకు నచ్చలేదు.

"అంత కాలిందా? తుకుడ గూడ మిగల్లే గద?"

"మిగల్లే."

"మంచిగ జేసినవ్ వదినే" అని గోపయ్య లేచాడు. రాములమ్మ సంగతి, ఈరమ్మ సంగతి అతను అడగలేదు.

మంగళవారం ఎనిమిదింటికి పంచాయతీ గోడకు మూడు కాగితాలు అంటించారు. ఊరు చుట్టూ మూగింది. అంగన్‌వాడీ టీచరు మనీషా ముందు నిలబడి, విమానాశ్రయానికి భూములివ్వడానికి ఒప్పుకున్నవాళ్ల జాబితా అని చెప్పి పేర్లు చదవడం మొదలుపెట్టింది. వెనకనుంచి తోపులాట. పేర్లు తప్ప ఇంకేమీ చదవనివ్వలేదు. అరవై రెండు పేర్లు. ముప్ఫైతొమ్మిది చంద్రమ్మ. నలభై రాములమ్మ. నలభైయొకటి ఈరమ్మ. నలభైరెండు దుర్గవ్వ.

మల్లేశ్వర్ జీపు దిగి వచ్చాడు. "లొల్లి వెట్టకుండ్రి. అభ్యంతరమున్నోళ్లు శనివారం దాక మండలాఫీసుల దరఖాస్తు ఇచ్చుకోవచ్చు. గని నిశాని వెట్టినోళ్లకు అభ్యంతరమేముంటది? వెట్టిన్రంటే ఒప్పుకున్నట్టే."

"ఎవల్ వెట్టిన్రు? నేనేడ వెట్టిన?" రాములమ్మ అరిచింది.

"కాగితం మీద ఉంది. నన్నడిగితే నేనేం జెప్పాలె?" అని అతను జీపెక్కాడు. పక్క సీట్లో గోపయ్య ఉన్నాడు. హద్దురాళ్లు మోయించే పని గోపయ్యకు దొరికిందని వారంగా ఊళ్లో అనుకుంటున్నారు.

రాములమ్మ చంద్రమ్మ మీదికి తిరిగింది. "నువ్వే గద మమ్ముల తోల్కపోయినవ్! ఉత్త సినిమ అంటివి. ఫోన్ జేసుడు, బకిట్లు మోసుడు సూసి నా ఎకరం పోయె. ఆ సారు నీకెంత ఇచ్చిండే?"

"నా రెండెకరాలు గూడ పోయినయ్ గద అక్కా."

"నీదైతే నీ ఇష్టం. నాదెందుకు ముంచినవ్?"

నలుగురి పేర్లు ఒకచోటే, వరుసగా ఉన్నాయి. ఇంకేం కావాలని ఊరంతా అంది. చంద్రమ్మ కూడా అదే అనుకుంది. పేజీ సోమవారం గుడ్డలో కుట్టింది. ఆదివారం సారు చేతిలోనే ఉంది. ఆ ఒక్క రోజు చాలు.

ఆ రోజు పనికి పోయింది కానీ లైబ్రరీ గది ఊడవలేదు. వరండా ఊడుస్తుంటే లోపల మాటలు వినిపించాయి. శ్రీరామమూర్తి అటెండరుతో అంటున్నాడు: "ఎలుకలు కావయ్యా. మనిషే చింపాడు. ఇవాళ ఫ్యాక్స్ చెయ్యకపోతే ఈ శనివారం ప్రింటు ఆపేస్తారు. హాస్టలు పిల్లల్లో ఎవడి పనో ఇది." చంద్రమ్మ చీపురు ఆపకుండా వరండా చివరిదాకా పోయింది.

బుధవారం పన్నెండింటికి ఆమె అతని బల్ల ముందు నిలబడింది. బల్ల మీద టైపు చేసిన కాగితం ఒకటుంది. హాజరు లెక్కలు నిజమైనవేనా, పేజీ ఎందుకు కనిపించడం లేదు అని ప్రిన్సిపాల్ ఇచ్చిన మెమో అది. శ్రీరామమూర్తి దానికి జవాబు రాస్తున్నాడు. రెండుసార్లు కొట్టేసి మూడోసారి రాస్తున్నాడు.

"మా నిశానులు యాడికి అమ్మినవ్ సారూ?"

అతను కలం మూత పెట్టాడు. "ఏమన్నారు?"

"మీరు పెద్దోళ్లు, సదువుకున్నోళ్లు. సినిమ సూపెట్టి ఏలుముద్ర వెట్టించుకుంటిరి. నిన్న మా ఊళ్ల కాగితమేసిండ్రు. భూములిచ్చెటోళ్లంట. నా పేరున్నది, రాములమ్మ పేరున్నది, నలుగురివి వరుసగ ఉన్నయ్. మీ తాన తప్ప మేము నలుగురం యాడ ఏలు వెట్టలే."

"చంద్రమ్మా, నేను ఆ రిజిస్టరు ఢిల్లీకి తప్ప..." అని ఆగాడు. "అసలు ఢిల్లీకే పంపలేకపోయాను. పేజీ పోయింది. అయిదో సినిమా నాగపూర్‌కు పంపించేశారు. నా మీదే మెమో వచ్చింది, చూడండి."

ఆమె మెమో వైపు చూడలేదు. అక్షరాలు చూసి ఆమె చేసేదేమీ లేదు.

"నా మాట నమ్మకండి. ఆ గోడ మీద కాగితం నేను చదవచ్చా?"

మెమో సొరుగులో పెట్టి అతను లేచాడు. ఇద్దరూ పొలాలకడ్డంగా నడిచారు. ఆమె ముందు, అతను పది గజాల వెనక. బూట్లకు ఎర్రమట్టి పట్టింది. ఒకచోట ఆగి, చెప్పులేసుకురావలసింది అన్నాడు. ఆమె ఆగలేదు. ఊళ్లోకి రాగానే అరుగుల మీదివాళ్లు మాటలాపారు.

శ్రీరామమూర్తి గోడ దగ్గర కళ్లజోడు తుడుచుకుని పైనుంచి చదివాడు, వేలు ఆనించి, ఒక్కో మాట.

"తేదీ 21-11-1998, శనివారం. సాయంత్రం నాలుగు గంటల నుంచి అయిదున్నర వరకు పంచాయతీ కార్యాలయం వద్ద జరిగిన గ్రామసభకు స్వయంగా హాజరై, భూములివ్వడానికి అంగీకరించి, సభలో వేలిముద్ర వేసినవారు..."

"ఆగు సారూ." చంద్రమ్మ దగ్గరకు వచ్చింది. "ఏ దినమన్నవ్?"

"శనివారం. మొన్నటి శనివారం."

"నాలుగింటికా?"

"నాలుగింటి నుంచి అయిదున్నర."

"నాలుగింటికి నేను మీ తాన ఉన్న గద. గుడ్డలిప్పి, నిశాని వెట్టి లోపట కూసున్న. ఆరింటికి బైటికొచ్చిన."

శ్రీరామమూర్తి వేలు కాగితం మీదే ఉంది. తీయలేదు. "నాలుగూ పదికి. నేనే రాశాను."

"గ్రామసభకు నేను పోలే. మీటింగున్నదని గూడ నాకెవ్వరు చెప్పలే."

అతను కిందికి చదువుతూ పోయాడు. ముప్ఫైతొమ్మిది దగ్గర ఆగాడు. వేలిముద్ర వేసినవాళ్ల పక్కన, ఆ ముద్ర ఎవరిదో గుర్తుపట్టి సాక్షి సంతకం చేస్తారు. ఆ గడిలో అక్షరాలు చిన్నవి. వంగి చదివాడు.

"సాక్షి, గోపయ్య."

"ఎవలు?"

"గోపయ్య. మీ నలుగురికీ ఆయనే సాక్షి. మిగతావాళ్లకు వేరేవాళ్లున్నారు. ఈయన ఎవరమ్మా?"

చంద్రమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది. గట్టు మీద మూడో పుల్లకంటుకున్న బీడీ, టైము గూడ రాసిండా అన్న మాట, తుకుడ గూడ మిగల్లే గద అన్న మాట, వచ్చిన వరసలోనే గుర్తుకొచ్చాయి.

"మా మరిది" అంది. కొంగు వదిలేసి, "పేజి నేనే చింపిన సారూ" అంది.

శ్రీరామమూర్తి ఆమెను చూశాడు. మూడు రోజులుగా హాస్టలు పిల్లలను ఒక్కొక్కరినీ పిలిచి అడుగుతున్నాడు. ఇద్దరితో మాటలు మానేశాడు.

"కాల్చేశారా?"

"లే. ఉన్నది."

సెమినార్ హాల్లో ఆమె స్టూలెక్కి మూడో కిటికీ తాడు విప్పింది. గుడ్డ కిందికి జారింది, రాళ్లు గోడకు తగిలి చప్పుడైంది. నేల మీద కూర్చుని పళ్లతో దారం కొరికి అంచు విప్పింది. కాగితం తీసి ఇచ్చింది. రాయి ఒత్తుకున్నచోట చిన్న చిల్లు పడింది. అది ఎవరి గడిలోనూ పడలేదు. శ్రీరామమూర్తి కాగితాన్ని బల్ల మీద పరచి అరచేత్తో సాపు చేశాడు. నలభైయొకటి నుంచి నలభైనాలుగు దాకా నాలుగు ముద్రలు. నాలుగింటి పక్కనా టైము ఉంది. 4.10. 4.10. 4.11. 4.12.

"నేను చింపిన్నని ప్రిన్సిపాల్ సారుకు చెప్తరా?"

"చెప్పాలి. ఇది ఎలా చిరిగిందో చెప్పకపోతే మండలాఫీసులో ఎవరూ నమ్మరు. అక్కడ చెప్పాక ఇక్కడా తెలుస్తుంది."

"పని పోతదా?"

"తెలియదమ్మా" అన్నాడు. "నాది కూడా తెలియదు."

చంద్రమ్మ లేచి స్టూలు గోడకు చేర్చింది. "మల్ల రాయుండ్రి దరఖాస్తు. నేనే చింపిన్నని గూడ రాయుండ్రి. భయపడి చింపిందని రాయకుండ్రి. మరిది చెప్తె చింపిందని రాయుండ్రి."

ఆ సాయంత్రం ఆమె రాములమ్మ ఇంటికి పోయింది. రాములమ్మ తలుపు తీయలేదు. చంద్రమ్మ గుమ్మం బయటే నిలబడి సాక్షి పేరు చెప్పింది. లోపల చాటలో బియ్యం చెరుగుతున్న చప్పుడు ఆగింది. కాసేపటికి తలుపు తెరుచుకుంది. "గోపయ్యనా?" అని రాములమ్మ రెండుసార్లు అడిగింది. తర్వాత ఇద్దరూ ఈరమ్మ ఇంటికి, అక్కడినుంచి దుర్గవ్వ ఇంటికి పోయారు.

గురువారం మండలాఫీసులో నాలుగు దరఖాస్తులు ఇచ్చారు. శనివారం పదకొండింటికి రమ్మన్నారు. ఆ శనివారం కాలేజీలో సినిమా లేదు. నోటీసు బోర్డు మీద కాగితం శ్రీరామమూర్తే తీసేశాడు.

ఎమ్మార్వో బల్లకు ఒకవైపు మల్లేశ్వర్, గోపయ్య. రెండోవైపు నలుగురు ఆడవాళ్లు, శ్రీరామమూర్తి. మల్లేశ్వర్ గ్రామసభ పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎమ్మార్వో దాన్ని తెరిచి గోపయ్యను పిలిచాడు.

"ఈ నలుగురి వేలిముద్రలు గుర్తుపట్టి సంతకం చేసింది నువ్వేనా?"

"నేనే సార్."

"సభకు వచ్చారా వీళ్లు?"

"వచ్చిన్రు సార్. మా వదినె నా పక్కకే కూసున్నది. సురువు కాంగనె నా ముందలనే ఏలు వెట్టింది."

"ఎన్నింటికి?"

గోపయ్య మల్లేశ్వర్ వైపు చూశాడు. "నాలుగు, నాలుగుంబావు మధ్యల సార్."

"తర్వాత వెళ్లిపోయిందా?"

"లే సార్. అయిపోయేదాక ఉన్నది."

చంద్రమ్మ అతని ముఖం చూడలేదు, చేతులు చూసింది. అతను జేబులోంచి బీడీకట్ట తీసి, ఎక్కడున్నాడో గుర్తొచ్చి మళ్లీ లోపల పెట్టాడు.

శ్రీరామమూర్తి సంచిలోంచి రిజిస్టరు తీశాడు. కాలేజీ దాటి అది బయటికి రావడం అదే మొదటిసారి. చిరిగిన పేజీ తీసి పక్కన పెట్టాడు.

గోపయ్య కాగితం వైపు చూసి చంద్రమ్మ వైపు చూశాడు. "కాలబెట్టిన అంటివి గద వదినే!"

ఎమ్మార్వో తలెత్తాడు.

"ఏం కాలబెట్టింది?"

మల్లేశ్వర్ కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

"చింపిన కాగితం సార్ అది" అన్నాడు మల్లేశ్వర్. "ఎవలన్న ఎప్పుడన్న రాస్కోవచ్చు."

ఎమ్మార్వో రిజిస్టరు తెరిచి, పేజీ చిరిగిన అంచును లోపల మిగిలిన మొదలుకు ఆనించాడు. వరుస సంఖ్యల్లో సగం ఇటు, సగం అటు ఉన్నాయి. నలభైయొకటి కలిసింది. నలభైరెండు కలిసింది. చివరి అంకె దాకా ఒక్కొక్కటే ఆనించి చూశాడు. దాని ముందు పేజీలో, వెనక పేజీలో హాస్టలు పిల్లల సంతకాలు, టైములు ఉన్నాయి. అవి కూడా చదివాడు.

"ఏం జరుగుతోంది అక్కడ నాలుగింటికి?" అని శ్రీరామమూర్తిని అడిగాడు.

"స్పానిష్ సినిమా సార్."

"వీళ్లకు అర్థమవుతుందా?"

శ్రీరామమూర్తి చెప్పేలోగా చంద్రమ్మ చెప్పింది. "ఆఫీసు తుడిచే మనిషి కథ సారూ. కొస నుంచి గుమ్మం దాక ఎనుకకు నడుసుకుంట తుడుస్తది. నడుమ బిడ్డకు ఫోన్ జేస్తది. దొరసాని సూసి పనిల నుంచి తీసేస్తది. ఆకిర్ల ఇంకో ఆఫీసుల మల్ల కొస నుంచి మొదలువెడ్తది."

ఎమ్మార్వో గ్రామసభ పుస్తకం, రిజిస్టరు, చిరిగిన పేజీ మూడూ తన దగ్గర పెట్టుకుని శ్రీరామమూర్తికి రసీదు రాసిచ్చాడు. విచారణ డిసెంబరు 7కు వాయిదా వేశాడు. వాంగ్మూలాలు రాయమని గుమాస్తాకు చెప్పాడు. గోపయ్య చెప్పింది రాశారు, కాలబెట్టిన అంటివి గద అన్న మాటతో సహా. అతను సంతకం పెట్టాడు.

తర్వాత చంద్రమ్మది రాశారు. గుమాస్తా సిరా బిళ్ల ముందుకు నెట్టాడు. ఆమె చెయ్యి చాపలేదు.

"ఒకపారి సదువుండ్రి సారూ."

గుమాస్తా చదివాడు. ఆమె చివరిదాకా విన్నది.

"టైము రాయలే" అంది.

"వాంగ్మూలానికి టైము అక్కర్లేదమ్మా. తేదీ ఉంది."

"రాయుండ్రి."

గుమాస్తా ఎమ్మార్వో వైపు చూశాడు. ఎమ్మార్వో గోడ గడియారం చూసి తలూపాడు. గుమాస్తా తేదీ పక్కన 12.40 అని రాశాడు. చంద్రమ్మ దాని కింద వేలిముద్ర వేసింది.